మడత సీటు

బజారు వీధిలో ఒకే ఇంటి ముందు రెండు కార్లు ఆగడం తిరువూరుకు కొత్త. అందుకే చంద్రశేఖరం తొందరపడలేదు. అరుగు మీద నిలబడి, చూసేవాళ్లందరినీ తీరిగ్గా చూడనిచ్చాడు. మిరపకాయల వ్యాపారంలో ఇన్నేళ్లు కూడబెట్టుకున్న పెద్దరికమంతా ఆ పూట ఆయన భుజం మీది కండువాలోకి వచ్చి కూర్చుంది.

కొలంబోలో మనవైపు మిరపకాయలంటే ప్రాణం పెడతారని విని, అక్కడి కొట్లవాళ్లతో స్వయంగా మాట్లాడి రావాలని ఆయన సంకల్పం. భార్య శ్యామలాదేవిని కూడా తీసుకెళ్తున్నాడు. బెజవాడ దాకా అద్దె కారు, అక్కణ్ణుంచి మద్రాసుకు రైలు, ఆ కిందికి ఇంకో రైలు, ఆఖర్న సముద్రం మీద ఓడ. రైళ్లూ ఓడా ఆయన్ని అడిగి కదిలేవి కావు. ఆయన ఇష్టం చెల్లేది ఈ కారు ఒక్కదాని మీదే కాబట్టి, ఆ ఇష్టాన్ని కొన్నాళ్లుగా చప్పరిస్తూ వస్తున్నాడు.

"లంకకు కారెందుకు షావుకారుగారూ, వారధి ఉందిగా" అన్నారెవరో ఎదురు కొట్లోంచి. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

అద్దె కోసం తెచ్చిన ఆ కార్లలో ఒకటి జగన్నాథరావుది. కొత్తది, తలుపులకు అద్దాలున్నది, లోపల నీలం సీట్లున్నది. జగన్నాథరావు దాని మీద వేలిముద్ర పడితే తువ్వాలుతో తుడుస్తున్నాడు. రెండోది పీర్‌సాహెబ్ టాపు కారు. పైకప్పు మడిచిపెట్టే మందపాటి గుడ్డ, తలుపులు నడుము దాకానే. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగిన బండి అది. ఆ పొయ్యి బిగించిన చోట బోల్టుల మచ్చలు ఇంకా ఉన్నాయి. పీర్‌సాహెబ్ దాన్ని తుడవడం లేదు. పక్కన నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

ఇదంతా కన్యకాపరమేశ్వరి నడవ చివరి తలుపు వెనకనుంచి చూస్తోంది. ఆ పొడుగాటి పేరు పెళ్లి శుభలేఖ మీద తప్ప ఎవరూ పూర్తిగా పలికింది లేదు. అందరికీ కన్యకమ్మ. చంద్రశేఖరానికి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, తల్లి లేని ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి.

తలుపు సందులోంచి ఆమెకు వీధి సన్నగా, నిలువుగా కనిపిస్తుంది. ఇవాళ ఆ సందులోకి టాపు కారు ముందు చక్రం, దాని మీది వంపు రేకు వచ్చాయి. రేకు మీద ఎండ పడి మెరుస్తోంది. ఆమె చేతిలో చేట, చేటలో కందిపప్పు. చెరగడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు.

కారు సీటు మనిషిని మెత్తగా లోపలికి దింపి మళ్లీ పైకి తెస్తుందని గుమాస్తా శ్రీరాములు చెప్పాడు. సముద్రం కూడా ఓడను అట్లాగే దింపి లేపుతుందని కూడా అతనే చెప్పాడు. అతను సముద్రాన్ని బందరులో ఒకసారి దూరాన్నుంచి చూశాడు, అదీ మబ్బు పట్టిన రోజున. అయినా కన్యకమ్మకు ఆ మాత్రం చాలింది. బెజవాడ దారిలో ఎ.కొండూరు దాటగానే నీళ్లు మొదలవుతాయి, కారు ఆ నీళ్లలోకి నెమ్మదిగా దిగుతుంది, చక్రాలు తడవవు. తమ్ముడు వెనక సీట్లో నిద్రపోతుంటాడు, చిన్నప్పటిలాగే నోరు తెరుచుకుని. తను పక్కన కూర్చుని ఉంటుంది. నీలంగా, చప్పుడు లేకుండా, ఎంత దూరమైనా.

"వదినా, పప్పు ఒలికిపోతోంది" అంది శ్యామల, ఆమె పక్కనుంచి వీధిలోకి వెళ్తూ.

శ్యామల ముందు కొత్త కారు ఎక్కింది, దిగింది. తర్వాత టాపు కారు దగ్గరికి వెళ్లి తలుపు తీయమంది. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య, కింద ఏదో మడతపెట్టి ఉంటే అదేంటని అడిగింది. పీర్‌సాహెబ్ వంగి దాన్ని లాగాడు. నేల మీంచి ఒక చిన్న సీటు లేచి నిలబడింది. శ్యామల దాన్ని అరచేత్తో నొక్కి చూసింది.

"మనిషి కూర్చోవచ్చా?"

"నిక్షేపంగా కూర్చోవచ్చమ్మా. దొరల కాలంలో దీని మీద దొరసానులే కూర్చున్నారు" అన్నాడు పీర్‌సాహెబ్. దొరసానుల సంగతి ఎంత నిజమో గానీ, సీటు మాత్రం గట్టిగానే ఉంది.

చంద్రశేఖరం కొత్త కారు అన్నాడు. శ్యామల టాపు కారు అంది. ఎందుకంటే గాలి ఆడుతుందంది. దుమ్ము కొడుతుందే అన్నాడాయన. దుమ్ము మనకు కొత్తా అంది. భార్య నలుగురిలో ఎదురు చెప్పడం ఆయనకూ కొత్తే. తర్వాత చెబుతానని రెండు కార్లనూ పంపేసి లోపలికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే పరదేశపు కాగితాల పని మీద తాలూకా ఆఫీసుకు బయల్దేరాడు చంద్రశేఖరం. శ్యామల ఎదురొచ్చింది. ఆయన మెట్లు దిగి నాలుగడుగులు వేశాడు. అప్పుడు కన్యకమ్మకు గొడుగు కనిపించింది, గోడకు ఆనించి. మాఘమాసపు ఎండే గానీ మధ్యాహ్నానికి మాడు పగలగొడుతోంది. ఆమె ఏమీ ఆలోచించలేదు. గొడుగు తీసుకుని గబగబా వీధి గుమ్మంలోకి వచ్చి, "చంద్రం, గొడుగు" అంది.

చంద్రశేఖరం వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు. ముఖంలో కోపం లేదు, విసుగు కూడా లేదు. అది అలవాటు. ఆయన మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, వాలుకుర్చీలో కూర్చున్నాడు. "శ్యామలా, కాసిని మంచినీళ్లు" అన్నాడు.

ఎదురుగా విధవ వచ్చిందంటే బయల్దేరినవాడు వెనక్కి వచ్చి కూర్చోవాలి, నీళ్లు తాగాలి, మళ్లీ మొదటినుంచి బయల్దేరాలి. ఇది ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఊపిరి పీల్చినట్టు వచ్చేసింది.

కన్యకమ్మ గొడుగును మళ్లీ గోడకు ఆనించింది. వంటింట్లోకి వెళ్లి, కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి గ్లాసు నింపి శ్యామల చేతికిచ్చింది. ఆ గ్లాసు తను పట్టుకెళ్లకూడదు. శ్యామల గ్లాసు తీసుకుని ఒక క్షణం అక్కడే నిలబడింది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, గొడుగు తీసుకుని వెళ్లాడు. ఈసారి కన్యకమ్మ కనపడలేదు.

ఆమె పొద్దున చెరిగిన కందిపప్పు వేయించడానికి కూర్చుంది. ప్రయాణంలో తమ్ముడు బయట తిండి తినలేడు. కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి, నాలుగు రకాల జంతికలు ఆమె చేతి మీదుగానే తయారవుతున్నాయి. సన్నటి సెగ మీద పప్పు తిప్పుతుంటే ఆమెకు ఒక్కటే బెంగ పట్టుకుంది. గురువారం తెల్లవారి తమ్ముడు సముద్రం దాటడానికి బయల్దేరుతాడు. తను వెనక కొట్టుగదిలో తలుపు వేసుకుని కూర్చోవాలి. కారు చప్పుడు విని వెళ్లారనుకోవాలి. పెంచిన చేతులతో ఒక్కసారి కండువా సర్ది పంపే భాగ్యం కూడా లేదు. ఏమో, సముద్రం. వెళ్లేవాణ్ణి కళ్లారా చూడకపోతే వచ్చేదాకా ఏం చూసుకుని ఉండాలి? పప్పు కాస్త మాడింది. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ కొత్తది పోసింది.

సిద్ధాంతిగారు వచ్చి పంచాంగం తిరగేసి తల అడ్డంగా ఊపాడు. గురువారం దక్షిణ దిక్కు ప్రయాణం పనికిరాదు, వారశూల. బెజవాడ దక్షిణానే ఉంది, ఆ తర్వాత వెళ్లేదంతా కూడా దక్షిణమే. చంద్రశేఖరం ముఖం వాడిపోయింది. రైలు గురువారానికి, ఓడ శనివారానికి ఖాయమైపోయాయి.

"దానికేం, ప్రస్థానం పెడదాం" అన్నాడు సిద్ధాంతిగారు. "సోమవారం పొద్దున లగ్నం బాగుంది. ఒక కొత్త గుడ్డలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క. మీ వైశ్యులకు తేనె విశేషం, చిన్న సీసా ఒకటి. మూట కట్టి, ఇల్లు దాటించి, దక్షిణంగా ఎవరి ఇంట్లోనన్నా ఉంచండి. ఇక మీరు బయల్దేరినట్టే. గురువారం ఆ మూట తీసుకుని సాగిపోవడమే."

"అంటే సోమవారమే ప్రయాణమైపోయినట్టా?" అంది తలుపు దగ్గరనుంచి శ్యామల.

"అయిపోయినట్టే తల్లీ. శకునాలైనా, శూలైనా అన్నీ ఆ ఘడియకే."

శ్యామల తల ఊపి లోపలికి వెళ్లింది.

సోమవారం తెల్లవారుజామున వంటింట్లో శ్యామల పసుపు గుడ్డ పరిచింది. బియ్యం పోసింది. తేనె సీసాకు బిరడా బిగించింది. తర్వాత గుడ్డ నాలుగు కొనలూ పట్టుకుని, "వదినా, ముడి మీరెయ్యండి" అంది.

కన్యకమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నేను తాకకూడదమ్మా."

"నా ముడి బెజవాడ వెళ్లేలోపే ఊడుతుంది. మీ ముడి ఊడగా నేను చూళ్లేదు. ఎవరూ రాలేదులెండి, వెయ్యండి."

కన్యకమ్మ నడవలోకి ఒకసారి చూసింది. గుడ్డ కొనలు తీసుకుని, మిరపకాయల బస్తాకు వేసినట్టు రెండు మెలికలు తిప్పి లాగింది. ముడి కుదురుగా పడింది.

మూట ఎక్కడ ఉంచాలన్న దగ్గర మళ్లీ చర్చ వచ్చింది. దక్షిణంగా తెలిసినవాళ్ల ఇళ్లు లేవు. బెజవాడ రోడ్డు మీద, ఊరి చివర పీర్‌సాహెబ్ షెడ్డు ఒక్కటే ఉంది.

"తురకల ఇంట్లో ప్రస్థానమా" అన్నాడు చంద్రశేఖరం, మెల్లిగా.

"ఇంట్లో ఎందుకండీ, కారులో. అద్దెకు తీసుకున్నన్నాళ్లు కారు మనది కాదా?" అంది శ్యామల.

ఆయనకు కొత్త కారు నీలం సీట్లు కళ్ల ముందు మెదిలాయి. మూట టాపు కారులో పెడితే ఇక ప్రయాణమూ టాపు కారులోనే. సిద్ధాంతిగారు గడియారం చూసి, ఘడియ దాటిపోతోందన్నాడు. వాహనమైతే మరీ మంచిదన్నాడు. చంద్రశేఖరం నిట్టూర్చి తల ఊపాడు. ఎంతో ఆలోచించి ఎంచుకోవాలనుకున్న కారు అట్లా ఒక్క నిట్టూర్పులో కుదిరిపోయింది.

శ్రీరాములు వెంట వెళ్లగా శ్యామల స్వయంగా మూటను తీసుకెళ్లి, మడత సీటు లేపించి, దాని మీద పెట్టి వచ్చింది.

గురువారం దాకా పీర్‌సాహెబ్ ఆ కారును కదల్చలేదు. గంపలగూడెం పెళ్లివాళ్లు వచ్చి బతిమాలినా ఇవ్వలేదు. "యాత్ర మొదలైన బండి, వెనక్కి తిప్పకూడదు" అన్నాడట. తేనె వాసనకు చీమలు పడతాయని అతని భార్య లాల్‌బీ సీటు కాళ్ల చుట్టూ పసుపు గీత గీసిందట. శ్రీరాములు ఈ కబుర్లు తెచ్చి చెబుతుంటే కన్యకమ్మ పని ఆపి విన్నది. తను ముడేసిన మూట మెత్తటి సీటు మీద ఒంటరిగా కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ ఉంది. దానికి ఎండ తగులుతుంది, సాయంత్రం పొలాల మీది గాలి తగులుతుంది. తన ఇంటినుంచి మొట్టమొదట పరదేశం బయల్దేరింది అదే. పడుకునేటప్పుడు కూడా ఆమెకు ఆ మూటే కళ్లలో మెదిలేది. కాసేపటికి మూట తనే అయ్యేది, షెడ్డు తలుపులు తెరుచుకునేవి, ఎదురుగా నీళ్లు.

గురువారం ఇంకా వెలుగు రాకముందే టాపు కారు వచ్చి ఆగింది. పెట్టెలు, పరుపుచుట్టలు వెనక తాళ్లతో బిగించారు. రైలెక్కించి రావడానికి శ్రీరాములు ముందు సీట్లో కూర్చున్నాడు. అరుగు మీద సిద్ధాంతిగారు, కొట్టు కాపలా అంకారావు, నిద్ర ముఖాలతో ఇరుగుపొరుగు.

ఎవరూ చెప్పకుండానే కన్యకమ్మ కొట్టుగదిలోకి వెళ్లింది. అంతకుముందే మరచెంబు నిండా నీళ్లు పోసి, మూత బిగించి, జంతికల డబ్బా పక్కన పెట్టి వచ్చింది. చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ నిన్ననే చెప్పింది. తలుపు దగ్గరగా వేసి బస్తాల మధ్య కూర్చుంది. మిరప ఘాటు గొంతులో ఆడుతోంది. కళ్లలో నీళ్లకు ఆ ఘాటును సాకుగా చెప్పుకోవచ్చు, అడిగేవాళ్లుంటే.

తలుపు తెరుచుకుంది. శ్యామల పట్టుచీర సర్దుకుంటూ నిలబడి ఉంది.

"వదినా, లేవండి. బెజవాడ దాకా మీరూ వస్తున్నారు."

"నీకు మతి పోయిందా శ్యామలా. వేళ కాని వేళ ఈ మాటలేంటి."

"సీటుంది. సాయంత్రానికి శ్రీరాములుతో అదే కారులో తిరిగొస్తారు. ఇల్లు అంకారావు చూసుకుంటాడు. రండి."

శ్యామల ఆమె చెయ్యి పట్టుకుని నడవలోకి తీసుకొచ్చింది. వీధి గుమ్మం దగ్గర కన్యకమ్మ కాళ్లు ఆగిపోయాయి. చంద్రశేఖరం ఒక కాలు కారులో పెట్టి వెనక్కి చూశాడు. అరుగు మీదివాళ్లంతా ఇటు తిరిగారు.

"ఇదేంటే" అన్నాడాయన. "బయల్దేరేటప్పుడు అక్కయ్య..."

"బయల్దేరేటప్పుడు కాదుగా" అంది శ్యామల. గొంతు పెంచలేదు. "సోమవారమే బయల్దేరామన్నారు సిద్ధాంతిగారు. కాదు, ఇప్పుడే బయల్దేరుతున్నామంటారా, ఇవాళ గురువారం, శూల. అట్లాగైతే నేను సముద్రం మీదికి రాను. ఏదో ఒకటి మీరే చెప్పండి. సోమవారం బయల్దేరామా, ఇప్పుడు బయల్దేరుతున్నామా?"

చంద్రశేఖరం సిద్ధాంతిగారి వైపు చూశాడు. ఆయన పొడుం డబ్బీ మూత తీసి, దానిలోకి కాసేపు చూసి, "అమ్మాయి చెప్పింది శాస్త్రమే. ప్రస్థానమయ్యాక ఇక శకునం చూసే పని లేదు" అన్నాడు.

అప్పటికి గానీ చంద్రశేఖరానికి మడత సీటు సంగతి బోధపడలేదు. భార్య వైపు అదోలా చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. ఆమె గడప లోపలే, కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు భయంగా ఉంది. భయం కన్నా ఆశ ఎక్కువగా ఉంది, అది ముఖంలో దాగడం లేదు. ఆయన కారెక్కి లోపలివైపుకు జరిగాడు.

పీర్‌సాహెబ్ తలుపు తీసి పట్టుకున్నాడు. "రండి పెద్దమ్మగారూ. మూట కాస్త ఒళ్లో పెట్టుకోండి, సీటు మీకోసమే" అన్నాడు.

కన్యకమ్మ గడప దాటింది. మెట్లు దిగింది. మడత సీటు ఆమెను మెత్తగా లోపలికి దింపి, మళ్లీ పైకి తెచ్చింది. శ్రీరాములు చెప్పింది నిజమే.

ఊరు దాటాక వెలుగు వచ్చింది. టాపు మడిచేశారు. రోడ్డుకు అటూ ఇటూ మామిడితోటలు పూతమీద ఉన్నాయి. ఆ వాసన చల్లగాలితో పాటు ముఖానికి తగులుతోంది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా వెనక్కి జరిగిపోతున్నాయి. కన్యకమ్మ ఒళ్లో మూట రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కారు కదులుతోందా, పొలాలే వస్తున్నాయా అన్నది ఆమె ఆలోచించలేదు. శ్యామల ఏవో కబుర్లు చెబుతోంది. చంద్రశేఖరం నిద్రపోలేదు. అక్క ఎంత సంతోషంగా ఉందో ఆయనకు ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది. అది ఆయన్ని కాస్త ఇబ్బంది పెడుతోంది.

ఎ.కొండూరు దగ్గర ఇంజను వేడెక్కితే పీర్‌సాహెబ్ బండి రోడ్డు పక్కకు తీసి ఆపాడు. బావినుంచి డబ్బాతో నీళ్లు తెచ్చి పోశాడు. ఆవిరి తెల్లగా లేచింది. కన్యకమ్మ మూటను సీటు మీద పెట్టి, మరచెంబు చేత్తో పట్టుకుని దిగింది. చెట్ల మీంచి దూరంగా కొండలు నీలంగా, పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. నీళ్లు కావని తెలుసు. అయినా రోడ్డు దాటి, గట్టెక్కి నిలబడి చాలాసేపు చూసింది. ఎంత దూరం చూసినా ఎవరి తలుపూ అడ్డం రాలేదు.

హారను మోగింది. ఆమె తిరిగి చూసేసరికి అందరూ ఎక్కేశారు. ఇంజను నడుస్తోంది. కారు వెనక నుంచి వద్దామంటే, చెరుకు బళ్లు వరసగా వచ్చి అక్కడే నిలిచి దారి మూసేశాయి. అవతలివైపున్న తన తలుపు దగ్గరికి రావాలంటే కారు ముందునుంచే రావాలి. కన్యకమ్మ ఆగిపోయింది. బళ్లు వెళ్లేదాకా ఉందామని, అలవాటు కొద్దీ చెట్టు చాటుకు జరిగింది.

చంద్రశేఖరం సీట్లోంచి లేచి నిలబడ్డాడు. టాపు లేదు కాబట్టి తల ఎక్కడా తగల్లేదు.

"అక్కడ నుంచున్నావేంటక్కయ్యా? ఇటు ముందునుంచి రా" అన్నాడు.

ఆమె కారు ముందునుంచి నడిచింది. తమ్ముడికి ఎదురుగా, నిండు ఎండలో, ఆ వంపు రేకు పక్కగా. వచ్చి సీట్లో కూర్చుని, మూట ఒళ్లోకి తీసుకుని, అప్పుడు ఆమె చేతులు వాటంతట అవే ఒక పని చేశాయి. మరచెంబు మూత తిప్పి, గ్లాసులో నీళ్లు వంచి, వెనక్కి తిరిగి తమ్ముడికి అందించాయి.

"తాగు చంద్రం. తాగి బయల్దేరు" అంది.

ఆయన గ్లాసు వైపు చూశాడు. అందులో నీళ్లు ఇంజను అదురుకు సన్నగా కదులుతున్నాయి. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు వెనక్కి వచ్చి కూర్చుని ఆ నీళ్లు తాగాడో, అవి ఎవరి చేత్తో ముంచినవో, ఆయనకు అప్పుడు తెలిసింది.

"నాకు దాహం లేదక్కయ్యా" అన్నాడు. "నువ్వు తాగు."

కన్యకమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ తర్వాత గ్లాసు తన దగ్గరికి తీసుకుని, పైకెత్తి నీళ్లన్నీ తాగింది. పీర్‌సాహెబ్ బండి కదిలించాడు.